నాగకుమారి ఆవకాయా, రామస్వామి పసరూ

మూడో తూము క్యాంపులో నాగకుమారితో వాదన పెట్టుకుని గెలిచి ఇంటికెళ్ళినవాళ్ళు లేరు. ఆమె పక్షాన న్యాయం ఉండి కాదు. న్యాయం ఉంటే ఎవరైనా గెలుస్తారు, అందులో గొప్పేముంది? అది లేకుండా గెలవడమే ఆమె విద్య.

బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూములు కొనుక్కుని, తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. డాబాలు లేచాయి, మనవలకు పెళ్ళిళ్ళయ్యాయి, అయినా రేపో మాపో గుడారాలెత్తుకుని వెళ్ళిపోతారన్నట్టు ఆ పేరు అలాగే ఉండిపోయింది. మూడో తూము దగ్గర ఉన్నది కాబట్టి ఇది మూడో తూము క్యాంపు. అందులో చెరుకు వేసే పున్నయ్య భార్య నాగకుమారి.

ప్రతి వేసవిలో ఆమె ఆవకాయ పెట్టి క్యాంపంతా పంచుతుంది. బాగా కుదిరితే అది తన చేతి మహిమ. ఎవరింట్లోనైనా బూజు పట్టిందా, వాళ్ళు తడి గరిటె పెట్టారు. "తడి గరిటె పెట్టలేదు వదినా" అని ఒట్టేస్తే, జాడీ మూత సరిగ్గా కట్టలేదు. మూత కూడా కట్టామంటే, అసలు వాళ్ళింట్లో గాలే మంచిది కాదు. ఇన్నేళ్ళలో క్యాంపులో గాలి చెడింది, గరిటెలు తడిశాయి, మూతలు జారాయి గాని ఆవకాయలో ఉప్పు తక్కువైందని మాత్రం ఒక్కసారి కూడా తేలలేదు.

ఆవకాయ ఒక్కటేనా? ఇంటర్ పరీక్షలొస్తే ఇంటింటికీ పోయి పిల్లల నుదుట విభూతి పెట్టి వచ్చేది. పాసైనవాళ్ళంతా విభూతి వల్ల పాసయ్యారు. తప్పినవాళ్ళు చదవక తప్పారు. రాను రాను క్యాంపులో చదువు మీద కంటే ఆ విభూతి మీదే జనానికి గురి కుదిరింది.

గంతకు తగ్గ బొంతే పున్నయ్య. కాలువ నీటి వంతుల దగ్గర తగాదా వస్తే కల్వర్టు గోడ మీద కూర్చుని తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా వాదించగలడు. ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది: "నువ్వు చూశావా?" భూమి తిరుగుతోందంటే, "నువ్వు చూశావా? తిరిగితే మన కాలువలో నీళ్ళు ఒలికిపోవా?" అనేవాడు. క్రిములున్నాయంటే, "నువ్వు చూశావా?" చంద్రుడి మీదికి వెళ్ళారంటే, "నువ్వు చూశావా?" వాళ్ళ తాత రోజుకు కట్ట చుట్టలు తాగి తొంభై ఏళ్ళు బతికాడన్నది మాత్రం ఆయన చూడకుండానే నమ్మాడు. తాత పోయేనాటికి ఆయన ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషిని నక్క కరిచింది.

చెరుకు నరికేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. చేను ఒక పక్క నుంచి నరుక్కుంటూ వస్తుంటే లోపల కాపురమున్న జీవాలన్నీ మిగిలిన చెరుకులోకి జరుగుతూ పోతాయి. చివరికి ఒక చిన్న మడి మిగులుతుంది. అడవి పందులు, కుందేళ్ళు, పాములు, నక్కలు అన్నీ అందులోనే ఇరుక్కుని ఉంటాయి. అనుభవమున్నవాళ్ళు ఒక వైపు దారి వదిలి మిగతా వైపుల నుంచి కేకలేస్తూ నరుకుతారు. పున్నయ్యకు అనుభవానికేం లోటు లేదు. కాకపోతే ఆ రోజు కూలి ముఠా మేస్త్రి రేణుకమ్మతో, చెరుకులో నక్కలనేవి ఇప్పుడు లేనే లేవని వాదిస్తున్నాడు. వాదిస్తూ సరిగ్గా ఆ వదిలిన దారిలోకే వెళ్ళి నిలబడ్డాడు.

"సారూ, జర పక్కకు జరుగు, గండ్లకెళ్లే బయటికొస్తయి" అన్నది రేణుకమ్మ.

"నువ్వు చూశావా?" అన్నాడు పున్నయ్య.

ఆమె చూసింది. ఆయనా చూశాడు. బూడిద రంగు నక్క ఒకటి రివ్వున దూసుకొచ్చింది, ఆయన అడుగు దాని తోక మీద పడింది, అది పిక్క పట్టి కండ లేచేలా కొరికి కాలువ గట్టెక్కి మాయమైంది.

మామూలుగా అయితే మనిషిని కూర్చోబెట్టి కాలు కడుగుతారు. ఇక్కడ ముందు అభినందనలు మొదలయ్యాయి. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందని సామెతగా అనుకోవడమే తప్ప, నిజంగా తొక్కినవాణ్ణి ఎవరూ చూడలేదు కదా. "పున్నయ్యా, ఇంక నీకు తిరుగు లేదు పో" అంటూ ఫోన్లు వచ్చాయి. కాలి నుంచి నెత్తురు కారుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. రేణుకమ్మ ఒక్కతే బోరింగు దగ్గరికి లాక్కుపోయి, సబ్బు పెట్టి గాయం గట్టిగా కడిగించింది.

సాయంత్రానికి కాలు వాచింది. అప్పుడు నాగకుమారే ముందుండి, మాక్లూర్ దిక్కున కుక్క కాటుకు పసరు పోస్తాడని పేరున్న రామస్వామి దగ్గరికి మొగుణ్ణి తీసుకెళ్ళింది. ఆసుపత్రి ఆలోచన ఆమెకూ రాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఆమెను మహా తెలివైనదని మీరు అనుకుంటారు.

రామస్వామి చెడ్డవాడు కాడు. రేకుల షెడ్డు కింద చాప మీద కూర్చుని, ఎవరొచ్చినా "రా బాపు" అని పిలిచే పెద్దమనిషి. ఏదో ఆకు నూరి, బెల్లంతో కలిపి మింగించాడు. మిగిలిన పసరు గాయం మీద పిండాడు. తర్వాత పథ్యం చెప్పాడు.

"వంకాయ తినొద్దు. అద్దం సూడొద్దు. ముఖ్యంగ పారే నీళ్లు దాటొద్దు. రేపటి సంది నెల దాంక."

"తగ్గిపోతుందాండీ?" అని అడిగింది నాగకుమారి భక్తిగా.

"ఈ సేతుల మీద వెయ్యి మందికి పోసినమ్మా. ఒక్కలన్న సావలే."

"ఒక్కరూ?"

రామస్వామి కాసేపు ఆలోచించాడు. నిజాయితీపరుడు మరి. "ముప్కాల్ దిక్కుల ఒకడు పోయిండు. గని వాడు పథ్యం తప్పిండు. వంకాయ తిన్నడు."

"తిన్నాడని చెప్పాడా?"

"సెప్పలే. తినకుంటె ఎట్ల సస్తడు?"

నాగకుమారి ఉలిక్కిపడింది. ఆ మాట ఆమె ఎక్కడో విన్నది. ఎక్కడో కాదు, తన నోటి నుంచే విన్నది. తడి గరిటె పెట్టకపోతే ఆవకాయ ఎలా బూజు పడుతుంది?

దొంగకు దొంగ బుద్ధి తెలుస్తుందంటారు. ఇన్నేళ్ళు తను వాడిన కత్తి ఇంకొకడి చేతిలో మెరిసేసరికి ఆమె గుర్తుపట్టింది. ఇక వదల్లేదు.

"ఆ వెయ్యి మందిలో నిజంగా పిచ్చి కుక్క కరిచినవాళ్ళు ఎందరండీ?"

"గదెట్ల తెలుస్తదమ్మా? నా దగ్గరికి మనిషొస్తడు గని, కుక్క రాదు గద."

అంటే మంచి కుక్క కరిచి, ఏమీ కాకుండా ఎటూ బతికేవాళ్ళంతా ఈయన ఖాతాలో పడ్డారు. చదువుకుని పాసైనవాళ్ళంతా తన విభూతి ఖాతాలో పడ్డట్టు. అదే విభూతి పెట్టుకుని, పుస్తకం తెరవకుండా కూర్చున్న పిల్లాడు తన మొగుడని ఆమెకు అర్థమైంది.

ఇంటికి రాగానే కూతురు విజయశ్రీకి ఫోన్ చేసింది. విజయశ్రీ నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. కథంతా విని, "అమ్మా, నక్క అంటే ఇంకా ప్రమాదం. వెంటనే బోధన్ సర్కారు దవాఖానాకు తీసుకుపో. సూదులు ఊరికే వేస్తారు. జబ్బు లక్షణాలు కనబడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు" అని, అమ్మ వినలేదేమోనని చివరి మాట మళ్ళీ చెప్పింది.

నాగకుమారి ఆ రోజు మొగుడితో వాదనకు దిగింది. జీవితంలో మొదటిసారి న్యాయం ఆమె పక్షాన ఉంది. తీరా చూస్తే దానితో ఎలా గెలవాలో ఆమెకు తెలియదు.

"పసరు పడింది కదే, ఇంక సూదెందుకు?"

"ఆ నక్క పిచ్చిదైతే?"

"పిచ్చిదని నువ్వు చూశావా?"

"మంచిదని మీరు చూశారా?"

పున్నయ్య పట్టు మార్చాడు. "అసలు ఈ డాక్టర్లకే ఒక మాట మీద నిలకడ లేదు. మన చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచేవాళ్ళు. ఇప్పుడు భుజానికి నాలుగో అయిదో అంటున్నారు. వాళ్ళకే తెలియని విద్య మనకెందుకు? రామస్వామి చూడు, వాళ్ళ తాత ఏ ఆకు నూరాడో ఈయనా అదే నూరుతున్నాడు."

"మీ నాన్న వేసిన రకం చెరుకే వేస్తున్నారా మీరు? ఎర్ర కుళ్ళు తెగులొస్తే విత్తనం మార్చలేదూ? మార్చారని మీకు వ్యవసాయం రాదందామా?"

అది తగిలింది. తగిలిన చోట పున్నయ్య ఎప్పుడూ నిలబడడు. అక్కడి నుంచి సూది మందు కంపెనీల వ్యాపారం మీదికి దూకాడు. సర్కారు దవాఖానాలో ఊరికే వేస్తారని ఆమె అంటే, ఊరికే వేసేది మంచిదెలా అవుతుందన్నాడు. మరి కంపెనీ వ్యాపారం చేస్తోందా, ఊరికే పంచుతోందా, ఏదో ఒకటి చెప్పండంటే, తాత చుట్టల మీదికి వెళ్ళాడు. ఆమె ఒక చోట గండి పూడిస్తే ఆయన ఇంకో చోట గట్టు తెగ్గొట్టేవాడు. నాగకుమారికి కోపం కంటే ఎక్కువగా సిగ్గు వేసింది. పక్కింటి వదినతో తను చేసేది అచ్చంగా ఇదే. అవతలి నుంచి చూస్తే ఇంత అసహ్యంగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పబోయినవాళ్ళను ఆమె చెప్పనివ్వలేదు.

మర్నాడంతా అదే వరస. నడుమ ఆయన ఇంకో ఉపాయం తీశాడు. కరిచిన కుక్కను పది రోజులు చూడమంటారు కదా, అది బతికే ఉంటే భయం లేదని ఎక్కడో విన్నాడు. నక్కను కూడా అలాగే చూద్దామన్నాడు. ఏ నక్కనని చూస్తారు? చెరుకు తోటల నిండా నక్కలే. ఇద్దరు పాలేర్లను కాలువ గట్టు మీదికి పంపాడు. వాళ్ళు సాయంత్రానికి వచ్చి, "రెండు నక్కలు కనబడ్డయి సారు, రెండూ మంచిగనే ఉన్నయి" అన్నారు. "చూశావా?" అన్నాడు పున్నయ్య పెళ్ళాం వంక గర్వంగా.

నాగకుమారి నెత్తి కొట్టుకోలేదు. వచ్చి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం ఆ ఇంట్లో గోడలకు కూడా కొత్త.

"ఒక్కటి చెప్పండి. మీరు అనుకున్నది తప్పని మీకు ఎప్పుడు నమ్మకం కుదురుతుంది? ఏం కనబడితే?"

పున్నయ్య ఇది ఊహించలేదు. ఆ ప్రశ్న ఆయన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. "ఏముంది, ఆ జబ్బు గుర్తులు కనబడితే ఒప్పుకుంటా. అప్పుడు పోదాం ఆసుపత్రికి."

"అప్పుడు పోయి లాభం లేదని అమ్మాయి చెప్పింది. మందు లేదట. అంటే మీరు పోయేటప్పుడు నేను గెలుస్తానన్న మాట. ఇన్నేళ్ళుగా మీతో వాదిస్తున్నాను. గెలిచిన రోజున, చూశారా నేను చెప్పానా అని ఎవరితో అనాలి నేను?"

అంటూ అంటూ ఏడ్చేసింది. వాదనలో ఏడవడం కూడా ఆమె పాత అస్త్రాల్లో ఒకటే గనక, పున్నయ్య ముందు అనుమానంగా చూశాడు. అది అస్త్రం కాదని ఆమె ముక్కు చూసి తెలుసుకున్నాడు. దొంగ ఏడుపుకు ఆమె ముక్కు ఎర్రబడదు.

"సరే. కాని ఎవరికీ తెలియకూడదు" అన్నాడు. "రామస్వామి పసరు దివ్యౌషధమని కల్వర్టు మీద అందరికీ చెప్పేశాను."

మరునాడు పొద్దున్నే బయల్దేరారు. కూతురు వదిలేసి వెళ్ళిన స్కూటీని నాగకుమారి నడిపింది, కాలు వాచిన పున్నయ్య వెనక కూర్చున్నాడు. క్యాంపు దాటగానే పెద్ద చిక్కొచ్చింది. బోధన్ పోవాలంటే కాలువ దాటాలి. పారే నీళ్ళు దాటకూడదని పథ్యం. కాలువల దేశంలో ఆ పథ్యం పెట్టినవాడికి దండం పెట్టాలి. ఇక్కడ వంతెన ఎక్కకుండా ఉప్పు ప్యాకెట్ కూడా కొనుక్కోలేం.

"ఆపు ఆపు" అన్నాడు పున్నయ్య.

"సూదికి పోతూ పథ్యమేంటండీ?"

"ఏ పుట్టలో ఏ పాముందో. రెండూ ఉండనీ." తువ్వాలు తీసి తల మీదుగా మొహం నిండా కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "నేను నీళ్ళు చూడకపోతే దాటినట్టు కాదు. పోనీ."

వంతెనెక్కారు. "దాటామా?" అన్నాడు తువ్వాలు లోపలి నుంచి.

"ఇంకా లేదు" అన్నది నాగకుమారి. దాటి చాలాసేపయింది. అయినా ఆమె అదే మాట అంటూ పోయింది. రెండు రోజులు తనను ఏడిపించిన మనిషిని కాసేపు చీకట్లో ఉంచితే తప్పేమీ లేదనిపించింది. పున్నయ్య బోధన్ బస్టాండు హారన్లు వినిపించేదాకా కళ్ళు తెరవలేదు. దారిలో చూసినవాళ్ళు పున్నయ్య కళ్ళకేమైందని ఒకరినొకరు అడుక్కున్నారు, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారని క్యాంపులో అందరూ అనుకున్నారు. అబద్ధం ఆడే శ్రమ కూడా లేకుండా పోయింది.

దవాఖానాలో డాక్టరమ్మ రమ్య గాయం చూసి, "రెండు రోజులు ఏం చేసిండ్రు?" అని గదిమింది. "పసరు పోయించాం" అని నిజం చెప్పింది నాగకుమారి. డాక్టరమ్మ ఇంకేమీ అనకుండా గాయం మళ్ళీ కడిగించి, దాని చుట్టూ ఒక మందు, భుజానికి ఒక సూది వేసి, మిగిలిన సూదులకు ఏయే రోజుల్లో రావాలో చెప్పింది. "ఒక్కటి కూడా తప్పొద్దు" అన్నది. పున్నయ్య తప్పలేదు. ప్రతిసారీ తువ్వాలు కప్పుకునే వచ్చాడు.

అన్ని సూదులూ అయ్యాయి, నెల గడిచింది, ఏమీ కాలేదు. అప్పుడు మొదలుపెట్టాడు. "చూశావా? ఏమీ కాలేదు. ఆ నక్క మంచిదే. సూదులు దండగ" అన్నాడు ఇంట్లో. గొడుగు వేసుకుని వచ్చి, తడవలేదు గనక వాన పడనే లేదన్నట్టుంది ఇది. బయట కల్వర్టు మీద ఇంకో పాట: "రామస్వామి పసరంటే పసరు. నక్క కాటునే లాగేసింది. పథ్యం ఎంత నిష్ఠగా చేశాననుకున్నారు, కళ్ళు మూసుకుని వంతెన దాటాను." జనం నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. రామస్వామి కూడా వచ్చినవాళ్ళకల్లా పున్నయ్య పేరు చెప్పడం మొదలుపెట్టాడు. అంతవరకు ఆ వెయ్యి మందిలో కాలువ కింద భూములున్న ఆసామి ఎవరూ లేరు మరి.

ఇక్కడ నాగకుమారి చేసింది తప్పు. నోరు మూసుకుంది. మొగుడికి మాటిచ్చానంది. ఆయన బతికి ఉన్నాడు, ఏదో ఒకటి కూస్తున్నాడు, కూయనీ అనుకుంది. ఒకరి నోటి దురద ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు తోచకపోవడానికి కారణం తెలివి లేక కాదు. సంతోషం ఎక్కువై.

తర్వాత కొన్నాళ్ళకు, నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి చెరుకుకు కలుపు తీయించాల్సి వచ్చి, నాగకుమారి రేణుకమ్మకు ఫోన్ చేసింది.

"నేను రానక్కా. నెల దాంక కాలువ దాటొద్దన్నడు రామస్వామి" అన్నది రేణుకమ్మ.

నాగకుమారి వెంటనే అడిగింది: "ఏమైంది?"

"మొన్న కుక్క గర్సింది. మా వాడకట్టు కుక్క గాదు, ఎటుకెళ్లి వచ్చిందో, అటే పోయింది. సేతికి దిగినయి పండ్లు. నువ్వేం పరేషాన్ గాకు, పసరు తాగిన. మీ సారుకు నక్క కాటే తగ్గిపాయె, నాదెంత?"

నాగకుమారి స్కూటీ మీద కాలువ అవతలి గట్టున ఉన్న రేణుకమ్మ వాడకట్టుకు ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. రేణుకమ్మ గుమ్మం ముందు ఎడమ చేతికి గుడ్డ కట్టుకుని, కుడి చేత్తో కందులు చెరుగుతోంది. నవ్వుతూ "కూసో అక్క" అన్నది.

"రేణుకా, లే. బోధన్ పోదాం. సూది వేయించుకోవాలి."

"గా సూదెందుకే? బోధన్ పోవాలన్నా ఇంకో కాలువ దాటాలె, దాటితె పథ్యం తప్పుతది. మీ సారంటె బండి మీద కండ్లు మూసుకుని పోయిండు. నేను నడిసేదాన్ని, కండ్లు మూసుకుంటె కాలువల వడ్త" అని నవ్వింది.

"ఆయన సూదులు వేయించుకున్నారు. పసరుతో తగ్గలేదు. నేనే తీసుకెళ్ళాను."

రేణుకమ్మ ఆమె వంక జాలిగా చూసింది. "నా మీద ప్రేమతోని అబద్ధం జెప్తున్నవ్ అక్కా. నీ సంగతి నాకెరుక లేదా? మొన్నటి ఆవకాయ బూజుకు మా ఇంట్ల గాలి మంచిగ లేదన్నవ్."

జన్మకొక్కసారి నిజం చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళు గెలిచిన వాదనలన్నీ వచ్చి ఆ గుమ్మంలో అడ్డంగా కూర్చున్నట్టనిపించింది నాగకుమారికి. బతిమాలింది. ఒట్టేసింది. రేణుకమ్మ కందులు చెరుగుతూనే ఉంది. చివరికి నాగకుమారి మొగుడికి ఫోన్ చేసి, "ఉన్నపళంగా రండి" అన్నది. ఆ గొంతు విని పున్నయ్య ఎందుకని అడగలేదు.

ఆయన ట్రాక్టరేసుకుని వచ్చేసరికి ముఠా ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరారు. నక్క తోక తొక్కిన సారు వచ్చాడని కుర్చీ వేశారు. విషయం విన్నాక పున్నయ్య కుర్చీలో కూర్చోలేదు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"అంటే రేణుకమ్మా, సంగతేంటంటే, సూది కూడా... అదీ వేయించుకున్నాను. పసరు కూడా తాగాననుకో. ఏది పని చేసిందో ఇదమిత్థమని మనం..."

"ఏవండీ" అన్నది నాగకుమారి. అంతే అన్నది.

రేణుకమ్మ చేట పక్కన పెట్టింది. "ఏది పని జేసిందో నాకొద్దు సారు. ఒక్కటి జెప్పు. సస్తనేమో అని నీకు బుగులైన నాడు, దేని కోసం పోయినవ్?"

పున్నయ్య నోరు తెరిచాడు. తాత, చుట్టలు, కంపెనీలు, పద్నాలుగు సూదులు అన్నీ ఆయన నాలుక చివర ఉన్నాయి. ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాదు.

"సూది కోసమే" అన్నాడు. "భయమేసింది. పోయి వేయించుకున్నాను. ఒక్కటీ తప్పకుండా వేయించుకున్నాను. ఊళ్ళో చెప్పింది అబద్ధం."

రేణుకమ్మ లేచి, చేతి గుడ్డ బిగించుకుంది. గుమ్మం పక్కన ఉన్న చెప్పులు తొడుక్కుంటూ, పున్నయ్య వంక కాదు, నాగకుమారి వంక చూసింది.

"నీ మొగనికి సూది, నాకు ఆకా అక్కా?"

నాగకుమారికి మాటలు కొత్తా? ఆయనకు మాటిచ్చానని అనొచ్చు. నిన్ను కుక్క కరుస్తుందని నాకేం తెలుసనొచ్చు. తెలిసిన వెంటనే పరుగెత్తుకొచ్చింది నేనే కదా అనొచ్చు. ఒకప్పుడైతే మూడూ అని, రేణుకమ్మ చేతే తప్పయిందనిపించేది. ఇప్పుడు స్కూటీ తాళం చేతిలో పట్టుకుని నిలబడింది. రేణుకమ్మ వచ్చి వెనక కూర్చునే వరకు ఆమె ఏమీ అనలేదు.